పారాయణానికి ట్యాబ్లెట్ స్టాండ్: ముందు ఎత్తు చూడండి, తర్వాతే మిగతావి

మన పారాయణం వీడియోలు చూసేవాళ్లలో చాలామంది ఇప్పుడు పుస్తకం బదులు ట్యాబ్లెట్ ముందు పెట్టుకుని చదువుతున్నారు. అక్షరం పెద్దది చేసుకోవచ్చు, రాత్రి పూట కూడా చదవచ్చు, ఒక్క దాంట్లోనే సహస్రనామం, సుందరకాండ, లలిత అన్నీ ఉంటాయి. మరి దాన్ని ఎక్కడ పెట్టాలి? ఒళ్లోనా, పీట మీదా, స్టాండ్ మీదా? చిన్న విషయంలాగే కనిపిస్తుంది. కానీ పారాయణం రోజూ సాగుతుందా, పది రోజులకే ఆగిపోతుందా అన్నది చాలా ఇళ్లలో దీని మీదే ఆధారపడి ఉంది.

మా ఇంట్లో నాయనమ్మ ఉన్నారు. కంటి ఆపరేషన్ అయ్యాక చిన్న సైజు పుస్తకంలో అక్షరాలు కనపడటం లేదని ట్యాబ్లెట్ ఇచ్చాం. అక్షరాలు చూసి చిన్నపిల్లలా సంబరపడ్డారు. ఒళ్లో పెట్టుకుని, తల వంచి చదివేవారు. వారం తిరిగేసరికి మెడ పట్టేసింది. "కళ్లు వచ్చాయి రా, ఇప్పుడు మెడ పోయింది" అని నవ్వేశారు గానీ, మర్నాటి నుంచి చదవడం మానేశారు. ఆవిడకి భక్తి తగ్గలేదు, ఓపికా తగ్గలేదు. తగ్గిందల్లా తెరకీ కంటికీ మధ్య ఉండాల్సిన ఎత్తు.

అందుకే ఎత్తు నుంచే మొదలుపెడదాం.

మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. నిటారుగా కూర్చుంటే ఆ బరువు వెన్నెముక మీదుగా సూటిగా కిందకి దిగుతుంది. తల ముందుకి వంగేకొద్దీ దాన్ని పడిపోకుండా పట్టుకోవాల్సింది మెడ వెనక కండరాలే. 2014లో కెన్నెత్ హన్స్‌రాజ్ అనే వెన్నెముక సర్జన్ కంప్యూటర్ మోడల్‌తో దీన్ని లెక్కగట్టారు. 30 డిగ్రీలు వంచితే మెడ మీద భారం సుమారు 18 కిలోలు, 60 డిగ్రీలు వంచితే సుమారు 27 కిలోలు అని తేలింది. అది మోడల్ లెక్క కాబట్టి అందరికీ అంకె అంతే అనుకోనక్కర్లేదు. వంపు పెరిగితే భారం పెరుగుతుంది, మనకి ఆ సంగతి చాలు. విష్ణు సహస్రనామం మామూలు వేగంతో చదివితే దాదాపు అరగంట. అరగంట పాటు ఆ బరువు మోయడమంటే మాటలు కాదు.

"మరి వ్యాసపీఠం ఉంది కదా, తాతల నాటి నుంచీ దాని మీదే పెట్టుకుని చదివారు కదా" అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్నే. వ్యాసపీఠం నిజంగా గొప్ప డిజైన్. ఒకే చెక్కని చీల్చి, మధ్యలో ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా చెక్కి, మేకు అన్నది లేకుండా మడిచేలా చేస్తారు. ఖురాన్ చదివేవాళ్లు వాడే రెహల్ కూడా ఇదే ఆకారం. పుస్తకం నేలకి తగలదు, చేతులు ఖాళీగా ఉంటాయి, వీపు విరగకుండా పుస్తకం రెండు పక్కలా ఆనుతుంది. కానీ అది కాగితం కోసం పుట్టింది. కాగితానికి సొంత వెలుగు లేదు, పైనుంచి వెలుగు పడాలి. అందుకే పుస్తకం కిందుగా, వెల్లకిలా ఉంటే సరిపోతుంది. ట్యాబ్లెట్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. దాని వెలుగు దాని లోపలే ఉంది. వెల్లకిలా పడుకోబెడితే సీలింగ్ లైటు దాని అద్దంలో పడి సగం శ్లోకం మాయమైపోతుంది. దాన్ని ఎత్తులో, కాస్త నిటారుగా పెట్టాలి. అప్పుడు మెడా బాగుంటుంది, లైటు మెరుపూ తగ్గుతుంది. పైగా వ్యాసపీఠానికి రెండు రెక్కలు, ట్యాబ్లెట్‌కి ఒకటే పలక. ఒక రెక్క మీద ఆనిస్తే జారుతుంది.

అంటే వ్యాసపీఠంలో ఉన్న ఆలోచన తీసుకుందాం, కోణం మాత్రం వద్దు.

ఇప్పుడు లెక్క. మార్కెట్లో దొరికే స్టాండ్లలో ఎక్కువ భాగం ఆఫీసు టేబుల్ కోసం చేసినవి. కుర్చీలో కూర్చున్నవాడికి టేబుల్ ఇచ్చే ఎత్తుకి ఇంకో 15, 20 సెంటీమీటర్లు కలిపితే చాలు అనుకుని చేస్తారు. మనం చాప మీద కూర్చుంటాం. బాసింపట్టు వేసుకుని నిటారుగా కూర్చుని, నేల నుంచి కంటి దాకా ఎంతుందో ఇంట్లో ఎవరిచేతైనా టేపుతో కొలిపించుకోండి. నాకు 75 సెంటీమీటర్లు వచ్చింది. చదివేటప్పుడు చూపు సూటిగా కాకుండా కొంచెం కిందకి, 15 నుంచి 20 డిగ్రీలు వాలి ఉంటే కంటికి హాయి. తెర కంటికి 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఆ వాలుకి తెర మధ్యభాగం కంటి కంటే 16 సెంటీమీటర్ల దాకా కిందుండాలి. 75లోంచి 16 తీసేస్తే 59. అంటే నా ట్యాబ్లెట్ మధ్యభాగం నేల నుంచి దాదాపు 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. 11 అంగుళాల ట్యాబ్లెట్‌ని అడ్డంగా పెడితే దాని కింది అంచు సుమారు 50 దగ్గరకొస్తుంది.

చూశారా, 20 సెంటీమీటర్లు లేచే స్టాండ్‌ని నేరుగా నేల మీద పెడితే ఇంకా 30 సెంటీమీటర్లు తక్కువ. ఎంత ఖరీదైనది కొన్నా అంతే. కాబట్టి స్టాండ్ ఒక్కదానికే డబ్బు తగలేయకండి. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకోవడానికి వాడే మడత బల్ల ఉంటుంది చూడండి, అది వేసి దాని మీద మామూలు స్టాండ్ పెడితే లెక్క దాదాపు సరిపోతుంది. ఒక పీట మీద ఇంకో పీట వేసి సర్దేవాళ్లూ ఉన్నారు, కదలకుండా ఉంటే అదీ సరే. మోకాళ్ల నొప్పులతో కుర్చీలో కూర్చుని చదివే పెద్దవాళ్లకి కూడా ఇదే పద్ధతి. కుర్చీలో కూర్చోబెట్టి కంటి ఎత్తు మళ్లీ కొలవండి.

ఎత్తు తేలాక రెండో పరీక్ష, కదలిక. రెండు కీళ్లు ఉండే స్టాండ్ తీసుకోండి. కిందది ఎత్తుకి, పైది వాలుకి. ఒక్క కీలే ఉంటే ఎత్తు పెంచినప్పుడల్లా కోణం కూడా మారిపోతుంది. కొట్లో చూస్తున్నప్పుడు దాన్ని పూర్తి ఎత్తుకి లేపి, మీ ట్యాబ్లెట్‌ని కవరుతో సహా పెట్టి, పై మూలన వేలితో తట్టండి. పేజీ తిప్పేటప్పుడు మనం చేసే పని అదే కదా. తట్టినప్పుడు అడుగు పలక లేస్తుంటే, లేదా తెర మూడు నాలుగు సార్లు ఊగి గానీ ఆగకపోతే, దాన్ని అక్కడే వదిలేయండి. కారణం సింపుల్. ట్యాబ్లెట్, స్టాండ్ రెండూ కలిపిన బరువు కేంద్రం నుంచి నిట్టనిలువుగా కిందకి గీసిన గీత అడుగు పలక లోపలే పడాలి. అంచు దాకా వస్తే చిన్న తోపుకే బోర్లా పడుతుంది. అందుకే బరువైన, వెడల్పైన అడుగున్న ఇనుప స్టాండ్ చూడటానికి మోటుగా ఉన్నా పూజ గదికి నయం. 11 అంగుళాల ట్యాబ్లెట్లు ఎక్కువగా అర కిలో దగ్గర ఉంటాయి, పెద్దవి ఇంకా ఎక్కువ. కవరుతో సహా వంటింటి కాటా మీద తూచి, స్టాండ్ ఎంత మోస్తుందని రాశారో దానితో పోల్చుకోండి.

పాములా వంగే పొడుగు మెడ స్టాండ్లు నాకు నచ్చవు. పడుకుని సినిమా చూడటానికి పనికొస్తాయేమో. పేజీ తిప్పిన ప్రతిసారీ అర నిమిషం ఊగే తెర మీద శ్లోకం చదవడం మాత్రం కష్టం.

ట్యాబ్లెట్ నిలువుగానా, అడ్డంగానా? తెలుగు లిపిలో సంస్కృత శ్లోకం చదివేటప్పుడు అడ్డంగా పెట్టడమే మంచిదని నా అభిప్రాయం. సమాసాలు పొడుగు. నిలువు తెరలో అక్షరం పెద్దది చేస్తే పాదం మధ్యలో విరిగి, ఊపిరి ఎక్కడ ఆపాలో తెలియక తడబడతాం. అడ్డంగా పెడితే ఒక పాదం ఒక వరుసలో కూర్చుంటుంది. నిలువుగానే అలవాటైతే, ఛార్జింగ్ వైరు బయటికి రావడానికి స్టాండ్ కింది అంచులో సందు ఉందో లేదో చూసుకోండి.

ఇక పూజ గదికే ప్రత్యేకమైన సంగతులు. లలితా సహస్రనామంతో కుంకుమార్చన చేసేవాళ్లకి ఒక చేయి ఎప్పుడూ కుంకుమలోనే ఉంటుంది. ఆ వేలితో తెర తాకితే మరక, అభిషేకం చేసిన తడి వేలితో తాకితే ఇంకో చిక్కు. ఈ తెరలు వేలిలోని విద్యుత్ ప్రభావాన్ని బట్టి పనిచేస్తాయి. నీరు కూడా విద్యుత్ వాహకమే కాబట్టి, నీటి చుక్కని కూడా వేలనుకుని పేజీలు గంతులేస్తాయి. రబ్బరు మొనతో ఉండే చవక స్టైలస్ ఒకటి పక్కన పెట్టుకుంటే పని జరిగిపోతుంది. తెర మీద ఎడమ చేయి పెట్టడం ఇష్టం లేని పెద్దలకి కూడా ఇదే దారి.

దీపం తెరకి ఎదురుగా వద్దు, పక్కకి ఉండనివ్వండి. ఎదురుగా ఉంటే జ్వాల అద్దంలో ఆడుతూ చూపు లాగేస్తుంది. హారతి ఇచ్చేటప్పుడు స్టాండ్‌ని పక్కకి జరిపేయండి. కర్పూరం మంటకి, ప్లాస్టిక్ స్టాండ్‌కి స్నేహం కుదరదు.

పారాయణం మధ్యలో తెర ఆరిపోతే ఎంత విసుగో మీకు తెలుసు. ఐప్యాడ్‌లో డిస్‌ప్లే సెట్టింగుల్లో ఆటో లాక్‌ని నెవర్ అని పెట్టండి, అయ్యాక మళ్లీ మార్చుకోండి. అక్కడే యాక్సెసిబిలిటీలో గైడెడ్ యాక్సెస్ అని ఉంటుంది. అది ఆన్ చేస్తే పొరపాటున వేలు తగిలినా పుస్తకం యాప్ లోంచి బయటికి పోదు. ఆండ్రాయిడ్‌లో దీన్నే యాప్ పిన్నింగ్ అంటారు. డు నాట్ డిస్టర్బ్ గురించి వేరే చెప్పక్కర్లేదు, సుందరకాండలో హనుమ సముద్రం దాటుతుండగా ఆఫీసు మెసేజ్ రావడం ఎవరికీ వద్దు.

అమెరికాలో ఉన్న మన వాళ్లు కొందరు ఇక్కడి పురోహితుల చేత వీడియో కాల్‌లో సత్యనారాయణ వ్రతం చేయించుకుంటారు. అప్పుడు స్టాండ్ పని మారిపోతుంది. అది మీరు చదవడానికి కాదు, అయ్యగారు చూడటానికి. మీ ముఖం కనపడితే చాలదు, కలశం, మీ చేతులు, పళ్లెం కనపడాలి. కాబట్టి మండపానికి కాస్త దూరంగా, కొంచెం ఎత్తులో పెట్టి, పై కీలుని ముందుకి వంచండి. ముందే రెండు నిమిషాలు కాల్ చేసి, "అయ్యగారూ, కలశం కనిపిస్తోందాండీ?" అని అడిగేస్తే వ్రతం మధ్యలో సర్దుళ్లు తప్పుతాయి.

మా నాయనమ్మకి మడత బల్ల, దాని మీద ఇనుప స్టాండ్ అమర్చి, తెర మధ్యభాగం ఆవిడ కంటికి కాస్త కిందగా పెట్టాం. మొదటి రోజు కూర్చుని అటూ ఇటూ చూసి, "ఇదేమిట్రా, దేవుడి కంటే ఎత్తులో పెట్టావు" అన్నారు. మాటా నిజమే, పటాలు కిందున్నాయి. పటాల పీట ఎత్తు పెంచాం. ఇప్పుడు రోజూ పూర్తిగా చదువుతున్నారు. మధ్యలో ఒక్కసారి ఆగుతారు, మెడ కోసం కాదు, కాఫీ కోసం.

చివరగా ఒక్క మాట. కీళ్లు బిగుతుగా ఉన్నంతకాలమే స్టాండ్ స్టాండ్‌గా ఉంటుంది. రోజూ మడిచి తీస్తుంటే కొన్నాళ్లకి వదులై, తెర తనంతట తానే మెల్లగా వాలిపోతుంది. చాలా స్టాండ్లకి కీలు పక్కన చిన్న మర ఉంటుంది, బిగించే అలెన్ కీ డబ్బాలోనే ఇస్తారు. దాన్ని పారేయకుండా పూజ సామాన్ల డబ్బాలో అగ్గిపెట్టె పక్కన పడేసి ఉంచండి.