నక్షాలో లేని సంత

కొత్తగా చేరిన ప్లానర్‌ని ఎవరూ మాస్టర్ ప్లాన్ గీయమని కూర్చోబెట్టరు. ముందు చేతికిచ్చేది ఫైళ్లు. లేఅవుట్ అర్జీ, రోడ్డు వెడల్పు కొలత, ఆక్రమణ మీద ఫిర్యాదు, స్థలం చూసొచ్చి రాయాల్సిన రిపోర్టు. తెలంగాణలో టీపీబీఓ (టౌన్ ప్లానింగ్, బిల్డింగ్ ఓవర్సీర్)గా చేరినా, ఆంధ్రలో వార్డు ప్లానింగ్ కార్యదర్శిగా చేరినా, విశాఖలో కేకే (కొత్తవలస-కిరండూల్) లైను రైలెక్కి ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ జిల్లా కేంద్రం జగదల్‌పూర్‌లో దిగినా మొదటి ఏడాది ఇంతే. కాకపోతే బస్తర్‌లో ఆ రిపోర్టులో మీరు రాసే ఒక మాట చాలా దూరం పోతుంది. ఆ మాట ‘ఖాళీ స్థలం’.

దాని సంగతికి ముందు అక్కడి మాటలు పట్టుకోండి. మన సర్వే నంబరు అక్కడ ఖస్రా నంబరు. గ్రామ పటం నక్షా. ఆంధ్రలో వీఆర్వో చేసే పని చాలావరకు అక్కడ పట్వారీది. సాగు భూమిని ఇళ్ల స్థలంగా మార్పించడాన్ని మనం ‘నాలా’ అంటాం, అక్కడ దాన్ని డైవర్షన్ అంటారు. నాలా అంటే వాళ్లకు వాగు. ‘నాలా అయిందా?’ అని పట్వారీని అడిగితే ఆయన చెయ్యెత్తి వాగెక్కడుందో చూపిస్తాడు. చూపించాడు కదా, అదీ చూసి రండి. చాలా లేఅవుట్లలో గొడవ తేలేది అక్కడే.

ఏజెన్సీ సంగతులు తెలిసినవాళ్లకు అక్కడి 1959 నాటి భూ రెవెన్యూ సంహితలోని 165(6) కొత్తగా అనిపించదు. ఆదివాసీ భూమి ఇతరుల చేతికి పోకుండా అడ్డుపడే సెక్షన్ అది. అయితే మన ఏజెన్సీ భూముల 1/70 చట్టాన్నే తీసుకెళ్లి అక్కడ అతికించకండి. 1/70 కింద గిరిజనేతరులు ఒకరికొకరు అమ్ముకున్నా చెల్లదు, 165(6) చూసేది అమ్మేవాడు ఆదివాసీయా కాదా అని. హక్కు తేల్చడం రెవెన్యూ వాళ్ల పని, ప్లానర్‌ది కాదు. కానీ ఫైల్లో పెట్టిన బీ-1 (హక్కుల రికార్డు) నకల్లో పేర్లు ఉన్నట్టుండి మారినట్టు కనిపిస్తే ఆ సంగతి నోట్‌షీట్‌లో రాయడం మీ పనే. నోటిమాటగా చెప్పి ఊరుకుంటే రేపు ఎవరికీ గుర్తుండదు, మీ సంతకం మాత్రం ఉంటుంది.

ఇక ఆ ఖాళీ స్థలం. మంగళవారం మధ్యాహ్నం వెళ్తే కనిపించేది ఎర్రమట్టి మైదానం, రెండు చింతచెట్లు, ఒక చేతిపంపు. నక్షాలోనూ అక్కడ ఏమీ రాసి ఉండదు. అదే చోటికి సంత రోజు వెళ్లండి. ఇప్పపూవు, చింతపండు, ఎర్రచీమల చాప్‌డా, కుండలు, కోళ్లు. పది ఊళ్ల డబ్బు, పెళ్లి సంబంధాలు, కబుర్లు అన్నీ అక్కడే చేతులు మారతాయి. జగదల్‌పూర్‌లోనే ఆదివారం సంతకు వచ్చే జనాన్ని చూస్తే మీరు గీసిన పార్కింగ్ గళ్లు మీకే నవ్వు తెప్పిస్తాయి. అందుకే ఏ స్థలాన్నైనా రెండుసార్లు చూడాలి, ఒకసారి మామూలు రోజు, ఒకసారి సంత రోజు. వాననీరు ఎటు పోతుందో తెలియాలంటే జూలైలో మూడోసారి.

కాగితాల్లోనూ ఇలాంటి వాడకాలకు ఆధారం దొరుకుతుంది. పట్వారీ దగ్గర నిస్తార్ పత్రక్, వాజిబ్-ఉల్-అర్జ్ అని రెండు రికార్డులుంటాయి. పశువుల మేతకు ఏ భూమి, శ్మశానం ఎక్కడ అన్నది మొదటిదాంట్లో. ఎవరి పొలం మీదుగా ఎవరికి దారి, నీళ్లు ఎలా పంచుకోవాలి, చేపలు పట్టే హక్కు ఎవరిది అన్నది రెండోదాంట్లో. కొత్తవాళ్లు ఉపగ్రహ చిత్రం తెరిచినంత ఆత్రంగా వీటిని తెరవరు. నా లెక్కలో బస్తర్ ప్లానర్‌కు ఇవే పాఠ్యపుస్తకాలు.

పట్నంలోనూ ఇదే తీరు, నక్షాలో కనిపించని వాడకం ఉంటుంది. బస్తర్ దసరా 75 రోజుల పండగ. మన దసరాలా మహిషాసురుడి కథ కాదు, రాముడి కథా కాదు, దంతేశ్వరి అమ్మవారిది. విజయదశమి రాత్రి ఆదివాసులు పండగ రథాన్ని ‘దొంగిలించి’ కుమ్హడాకోట్‌కు లాక్కుపోతారు. మర్నాడు బస్తర్ రాజవంశీకులు అక్కడికి వెళ్లి, కొత్తబియ్యపు అన్నం తిని, రథాన్ని వెనక్కి తెస్తారు. ఆ దారిలో మీరు డివైడర్ ప్రతిపాదించారనుకోండి, స్తంభం వేయించారనుకోండి, తప్పు ఎవరిదో ఊరంతా చెబుతుంది. రోడ్డు డిజైన్ ముట్టుకునే ముందు ఒక దసరా అక్కడే ఉండి, రథం ఏ మలుపులో ఎంత చోటు తీసుకుంటుందో టేపుతో కొలిచి పెట్టుకోండి. (ఈ రాజవంశానికి మూలపురుషుడు ఓరుగల్లు నుంచి వెళ్లిన అన్నమదేవుడని చెబుతారు. సంతోషమే. ఆఫీసులో దాన్ని మన గొప్పగా చెప్పుకోకండి.)

అదే పండగలో మురియా దర్బార్ జరుగుతుంది. 1876లో మురియా ఆదివాసుల తిరుగుబాటు నాటి నుంచి వస్తున్న సభ. ఊళ్ల పెద్దలు లేచి తమ ఇబ్బందులు చెబుతారు. వెనక వరసలో కూర్చుని వినండి. ఏ ఊరికి దారి లేదో, ఏ చెరువు పూడిందో ఆ రోజే తెలిసిపోతుంది.

కాగితానికీ నేలకూ మధ్య దూరం ఎంతో తెలియాలంటే బస్తర్‌లోనే ఉన్న లోహండిగూడ చూసి రండి. టాటా ఉక్కు కర్మాగారానికి 2005లో ఒప్పందం కుదిరింది. పది ఊళ్ల భూమి తీసుకున్నారు, కర్మాగారం రాలేదు. 2019లో ఆ భూమిని 1,700 మందికి పైగా రైతులకు తిరిగిచ్చారు.

చివరగా నోటీసు సంగతి. 1973 నాటి నగర, గ్రామ నివేశ చట్టం కింద ముసాయిదా ప్లాన్ ప్రకటించాక అభ్యంతరాలకు ఇచ్చే గడువు 30 రోజులు. నోటీసు హిందీలో ప్రకటిస్తే చట్టం తృప్తిపడుతుంది. మీరు మాత్రం దాన్ని అక్కడి జనం మాట్లాడే హల్బీలో నాలుగు వాక్యాలుగా చెప్పించి, సంతలో చాటింపు వేయించండి. ఆ 30 రోజులూ వరికోతల్లో పడుతున్నాయనుకోండి, ప్రకటన కొన్ని వారాలు ఆపుదామని నోట్‌షీట్‌లో రాయండి. పైవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. అయినా తేదీ వేసి రాయండి.