మండువా లోగిలి: నిర్మాణము, పంపకము

రైతు గృహము నివాసమాత్రము కాదు. ధాన్యమునకు కొట్టు, పశువులకు నీడ, పనిముట్లకు చావడి. ఈ ప్రయోజనములన్నిటిని ఒక్క ఆవరణమున ఇముడ్చుకొన్న కట్టడము గోదావరీ కృష్ణా మండలములందలి మండువా లోగిలి. దాని కట్టుబడి తెలిసినచో, అన్నదమ్ములు దానిని పంచుకొనునప్పుడు చేయరాని పని యేదియో బోధపడును.

ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరముకడ 1847లో ఆరంభించిన ఆనకట్ట 1852లో ముగిసెను. బెజవాడకడ కృష్ణానది ఆనకట్ట 1855లో పూర్తియయ్యెను. కాలువలక్రింద వరిపంట నిలకడ నొందిన పిదప, ధాన్యము నిలువచేయు అవసరమును, ఇల్లు విశాలముగా కట్టుకొను శక్తియు రైతునకు పెరిగినవి. గోదావరి పైతట్టు అడవుల టేకు తెప్పలుగా దిగివచ్చెడిది. కప్పునకు మొదట తాటాకును, కుమ్మరి పెంకును వాడిరి. మంగుళూరున 1865లో పెంకుల కర్మాగారము వెలసిన పిమ్మట, ఆ బిళ్లపెంకులు క్రమముగా ఇచటికిని వచ్చినవి.

ఇంటి నడుమ ఆకాశమునకు తెరచియున్న పల్లపు చదరమే మండువా. దాని చుట్టును స్తంభముల వసారా, వసారా వెనుక గదులు. నలువైపుల కప్పులును లోపలికి వాలియుండుటచే, వాననీరు మండువాలో పడి తూముగుండ బయటికి పోవును. వేసవిలో వేడిగాలి మండువాగుండ పైకి పోగా, వాకిళ్లనుండి చల్లగాలి లోనికి వచ్చును. గాదె యున్న గదికి చెమ్మ పట్టనీయనిది ఈ గాలియే. వీధివైపున అరుగులును, పెరటివైపున బావి, గొడ్లసావిడి, గడ్డివామి, ధాన్యపు పురులును ఉండును.

వేరుపడిన అన్నదమ్ములు మండువా నడుమ గోడ పెట్టుట పలుచోట్ల జరిగినది. కొలతకు అది సమభాగమే. ఇంటికి మాత్రము చేటు. తూము ఒకరి వంతునకు పోవును. రెండవవారి నీరు నిలిచి పునాదిని నానబెట్టును. స్తంభముల మొదళ్లకు చెద పట్టును. గాలి తగ్గిన గదిలో ధాన్యము బూజు పట్టును. రెండు కప్పులు కలియు మూలను బాగుచేయవలసినవా రెవరో తేలక, అచటనే వాసము పుచ్చును. తుదకు స్తంభములును ద్వారబంధములును కలప వర్తకుని పాలగును.

కావున పంపకపు దస్తావేజున ఈ మూడు షరతులు చేర్చుకొనుట మేలు.

1. గదులు పంచుకొన్నను, మండువాయు దాని చుట్టునున్న వసారాయు ఉమ్మడిగానే యుండవలెను.

2. తూము పోవు దారిపై ఎవరును కట్టడము కట్టరాదు.

3. కప్పు కలియు మూలల మరమ్మతును ప్రతి సంవత్సరము తొలకరికి ముందుగా, సమానమైన ఖర్చుతో అందరును చేయింపవలెను.

గోడ పెట్టకయే ఎవరి వంటయింటిలో వారు వండుకొనవచ్చును, ఎవరి గాదెకు వారు తాళము వేసికొనవచ్చును. వెలుగును, గాలియు, నీటిదారియు మాత్రము విడదీయుటకు వీలైనవి కావు.