వంశావళియు దత్తపుత్రత్వమును

పఠన భాగములు: మత్తయి 1:1–25, 1 కొరింథీయులకు 1:26–29, రోమీయులకు 8:14–17



మత్తయి సువార్త తెరచినప్పుడు మనలో అనేకులు పేర్ల పట్టికను దాటి పదునెనిమిదవ వచనమునకు పోవుదురు. ఆ పేర్లు నోరు తిరుగవనియు, వాటిలో బోధ ఏమియు లేదనియు మన తలంపు. అయితే నేడు వంశావళి అను మాట మన ఇండ్లలోనికే నడిచి వచ్చినది. పరదేశములలో పనిచేయుచున్న మన పిల్లలు చిన్న గొట్టములో ఉమ్మి వేసి పరీక్షకు పంపుచున్నారు. కొన్ని వారములకు వారి పూర్వికులెవరో, బంధువులెవరో తెలుపు జవాబు ఫోనులోనికి వచ్చుచున్నది. దీనిని డి.ఎన్.ఏ. పరీక్ష అందురు. కొందరికి అది వినోదము. కొందరి ఇంట అది పిడుగుపాటు. గనుక ఈ నెల ఈ సంగతిని వాక్యపు వెలుగులో ఆలోచింతము.

1. పరీక్ష ఏమి చెప్పగలదు?

ప్రతి బిడ్డకును తల్లినుండి సగము, తండ్రినుండి సగము వచ్చును. తాతలు, అవ్వలు ఒక్కొక్కరినుండి సుమారు నాలుగవ వంతు వచ్చును. అన్నదమ్ముల పిల్లల మధ్య సగటున నూటికి 12.5 పాళ్లు కలిసియుండును. పరీక్షించువారు ఇద్దరి కొలతను పోల్చి బంధుత్వమును అంచనా వేయుదురు.

ఇచ్చట మన ప్రాంతమువారు ఒక సంగతి గ్రహింపవలెను. మనలో మేనరికములు కలవు, కుండమార్పిడి పెండ్లిండ్లు కలవు. ఒక ఇంటి అన్నాచెల్లెళ్లు మరియొక ఇంటి అన్నాచెల్లెళ్లను పెండ్లాడినయెడల, ఆ రెండు జంటల పిల్లల మధ్య సుమారు 25 పాళ్లు కలియును. ఒకే తండ్రికి వేరు తల్లులయందు పుట్టిన పిల్లల కొలతయు అంతే. కావున అంకె ఒక్కటే చూచి, మృతి పొందిన పెద్దవారిమీద గాని, బ్రతికియున్న తల్లిమీద గాని నింద వేయుట గొప్ప అన్యాయము.

ఏ దేశపు వంశమని చెప్పు జవాబు కూడ పోలిక మాత్రమే. 2015లో ముగిసిన వెయ్యి జీనోముల పరిశోధనలో 26 జనసమూహములకు చెందిన 2,504 మందిని పరిశీలించిరి. వారిలో బ్రిటనులో నివసించు తెలుగువారు ఒక సమూహము. అట్టి నమూనాలతో పోల్చియే జవాబు చెప్పుదురు. నమూనాలు పెరిగినకొలది జవాబును మారును.

2. గొప్ప వంశమువారెవరు?

క్లౌ దొరగారు 1866లో ఒంగోలు వచ్చిన కొద్ది కాలమునకు, మాదిగవారిని సంఘములో చేర్చుకొన్నయెడల తాము రామని పై కులములవారు చెప్పిరి. దొరగారు తన గదిలో బైబిలు తెరువగా 1 కొరింథీ మొదటి అధ్యాయము కనబడెను. వేరొక గదిలో ఆయన భార్యకును ఆ భాగమే కనబడెనని ఆయన వ్రాసియున్నారు. గొప్ప వంశమువారు అనేకులు పిలువబడలేదని అపొస్తలుడు చెప్పిన భాగమది. ఆ దంపతులు దానికి లోబడిరి. 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నీటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో మిక్కిలి భాగము లోకము గొప్ప వంశమని ఎంచనివారే.

హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధకులు అమెరికావారితో కలిసి 2009లో 25 జనసమూహములను పరీక్షించి ఫలితము ప్రకటించిరి. ఆ సమూహములలో మాలవారు, మాదిగవారు, వైశ్యులు, వెలమలు కూడ ఉండిరి. మన దేశములో దాదాపు అన్ని కులములవారును రెండు ప్రాచీన జనముల కలయికయేనని, పాళ్లు మాత్రమే వేరని తేలెను. సుమారు 4,200 మొదలు 1,900 సంవత్సరముల క్రిందటి వరకు ఈ కలయిక జరిగెనని 2013లో మరియొక పరిశోధన తెలిపెను. కంచెలు తరువాత వేసినవి. అపొస్తలుల కార్యములు 17:26లో పౌలు ఏథెన్సువారికి చెప్పినది ఇదే గదా!

మన గుంటూరు సీమలో, చేబ్రోలు దాపున కొత్తరెడ్డిపాలెములో, తాము ఎఫ్రాయిము గోత్రమువారమని చెప్పుకొని యూదుల ఆచారములు పాటించు కుటుంబములున్నవి. వారిలో అనేకులు మునుపు క్రైస్తవ సంఘములలో ఉండినవారే. వారిని ఎగతాళి చేయుట మన పని కాదు. తృణీకరింపబడిన జనము తన మూలమును వెదకుకొనుట సహజము. అయితే మన ఘనత గోత్రములో లేదు, క్రీస్తులో ఉన్నది.

3. యోసేపు పేరు

మత్తయి వ్రాసిన పట్టికను ఇప్పుడు నిదానముగా చూడుడి. తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్యయైయుండినామె: మన ఇండ్లలోనైతే దాచిపెట్టు సంగతులను మత్తయి మొదటి పుటలోనే వ్రాసెను. అబ్రాహామునుండి వచ్చిన వరుస యోసేపు వరకు వచ్చినది. కాని యేసు యోసేపు రక్తమువలన పుట్టలేదు. ఉమ్మి పరీక్ష చేసినయెడల ఆ వరుస అక్కడనే తెగిపోవును. అయినను బిడ్డకు పేరు పెట్టు అధికారము దూత యోసేపునకే ఇచ్చెను. ఆయన పేరు పెట్టెను, ఐగుప్తునకు ఎత్తుకొనిపోయెను, పని నేర్పెను. దావీదు కుమారుడను బిరుదు ఆ పెంచిన చేతులగుండ మన ప్రభువునకు వచ్చినది.

4. ఒక ఇంటిని ఊహించుకొందము

1977 నవంబరు 19 ఉప్పెనలో తనవారందరిని పోగొట్టుకొన్న ఏడాది పిల్లను ఒక మిరప రైతు ఎత్తుకొని వచ్చి పెంచెననుకొనుడి. పిల్లకు బాప్తిస్మమిప్పించెను, చదివించెను, పెండ్లి చేసెను. నిజము మాత్రము చెప్పలేదు. నేడు ఆమె కుమారుడు అమెరికాలో ఉన్నాడు. ఆమె తమ్ముని కుమార్తెయు అక్కడనే చదువుచున్నది. ఇద్దరును సరదాగా పరీక్ష చేయించుకొనిరి. 12.5 పాళ్లు కలియవలసినచోట ఏమియు కలియలేదు. రాత్రివేళ ఫోను మ్రోగెను. తెల్లవారి ఆమె మిరప కల్లములో కాయలు ఏరుచున్న తండ్రియొద్దకు పోయి, “నాన్నా, నేను నీ కూతుర్ని కానా?” అని అడిగెను.

ఆ ముసలివాడు చాలసేపు తల ఎత్తలేదు. పిమ్మట, “నిన్ను కన్నదెవరో నాకు తెలవదమ్మా. తెలిస్తే నువ్వు ఎక్కడ దూరమైపోతావోనని చెప్పలేదు. తప్పు నాదే” అనెను.

ఆమె ఏమి చేయవలెను? కోపించుటకు ఆమెకు హక్కు కలదు; నలువదియెనిమిది సంవత్సరములు దాచిన నిజమది. కన్నవారికొరకు ఏడ్చుటకును ఆమెకు హక్కు కలదు. అయితే ఆ ఏడ్పు ముగిసిన పిమ్మట ఆమె చూడవలసినది ఆ చేతులను. మిరప ఘాటుకు మండిన ఆ చేతులే ఆమెను నీటిలోనుండి ఎత్తినవి. మన రక్షణయు అట్టిదే. మనము దేవుని ఇంట పుట్టుకచేత హక్కు గలవారము కాము. దత్తపుత్రాత్మను పొంది ఆయనను తండ్రీ అని పిలుచుచున్నాము.

5. మనము చేయవలసినవి

పెంచుకొన్న బిడ్డకు చిన్ననాటనే ప్రేమతో నిజము చెప్పుడి. యంత్రము చెప్పకముందు తండ్రి చెప్పుట మేలు.

పాపమువలన కలిగిన రహస్యము బయలుపడినయెడల, యూదా తామారు ఎదుట తన తప్పు ఒప్పుకొన్నట్లు (ఆదికాండము 38:26) తప్పు చేసినవాడు ఒప్పుకొనవలెను. పుట్టిన బిడ్డకు అందులో నేరము లేదు. సంఘ పెద్దలు దానిని పంచాయతీ చేయకుండ, ఆ ఇంటి తలుపు మూసి ప్రార్థింపవలెను.

పరీక్షకు పంపబోవు యౌవనులారా, మీ ఉమ్మిలో మీ తోబుట్టువుల సంగతియు ఉన్నది. ముందుగా వారిని అడుగుడి. 2023లో ట్వంటీత్రీ అండ్ మీ అను సంస్థనుండి సుమారు 69 లక్షలమంది వివరములు దొంగల పాలాయెను. 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా అర్జీ పెట్టుకొనెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మత్తయి ఆ నలుగురు స్త్రీలను ఎందుకు పేర్కొనెను?
2. మన ఇంట దాచిన నిజము ఏదైన ఉన్నదా? దానిని ఎవరికి, ఎప్పుడు చెప్పవలెను?
3. మన సంఘములో పెంపుడు బిడ్డను వేరుగా చూచు మాట ఏదైన వినబడుచున్నదా?

ప్రార్థన: తండ్రీ, గర్భములో మమ్మును రూపించినవాడవు నీవే. కన్నవారు తెలియని వారికి నీవు తండ్రివై యుండుము. నిజము చెప్పుటకు మాకు ధైర్యమును, వినుటకు ఓర్పును దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.