బోదకాలు నిర్ధారణకు రక్తపరీక్షల అభివృద్ధి: ఫలక్‌నుమా దృష్టాంతము

పరాన్నజీవుల పరిశోధనలో హైదరాబాదుకు ప్రత్యేక స్థానము కలదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తమును త్రాగిన దోమ జీర్ణాశయపు గోడలో ఆ పరాన్నజీవిని కనుగొనెను. మలేరియా వలెనే దోమ ద్వారా వ్యాపించు బోదకాలు వ్యాధి నిర్ధారణలో ఎదురగు చిక్కులను, నగరపు దక్షిణ భాగమున గల ఫలక్‌నుమా వంటి జనసాంద్ర ప్రాంతమును దృష్టిలో నుంచుకొని పరిశీలించవచ్చును.

సూక్ష్మదర్శిని పరీక్ష: ఊకరేరియా బాంక్రాఫ్టి అను పురుగు శోషరస నాళములలో నివసించి, సూక్ష్మ ఫైలేరియాలను రక్తములోనికి విడుచును. ఇవి పగటివేళ ఊపిరితిత్తుల రక్తనాళములలో నిలిచి, రాత్రి 10 నుండి 2 గంటల మధ్య చర్మపు రక్తములో అధికముగా కనిపించును. అందువలన రక్తపూతలు రాత్రియందే తీయవలెను. పగలంతా శ్రమించి నిద్రించు కుటుంబము తలుపు తీయనిచో ఆ ఇంటి వ్యాధి లెక్కకు రాదు. కాలు వాచిన రోగులలో అనేకుల రక్తమున సూక్ష్మ ఫైలేరియాలు కనిపించవు.

ప్రతిరక్షక పరీక్ష: శరీరము తయారుచేయు ప్రతిరక్షకములను పగటివేళ కూడ గుర్తించవచ్చును. అయితే పురుగు నశించిన తరువాతను అవి చాలకాలము నిలుచును. ఇతర నులిపురుగులు సోకినవారిలో సైతము పరీక్ష పొరపాటుగా పలుకవచ్చును.

ప్రతిజనక పరీక్ష: జీవించియున్న ప్రౌఢ పురుగు స్రవించు ప్రతిజనకము రేయింబవళ్ళు రక్తములో నుండును. వేలికొన నుండి తీసిన 75 మైక్రోలీటర్ల రక్తముతో పట్టీపై 10 నిమిషములలో ఫలితము తెలియును. నిర్ణీత సమయము దాటిన పిదప చదివిన గీత నమ్మదగినది కాదు. చికిత్స తరువాత కూడ ప్రతిజనకము కొంతకాలము మిగిలియుండును.

లెక్క: ఉదాహరణకు 1,000 మందిలో 10 మందికి పురుగు సోకినదనుకొనిన, 90 శాతము సున్నితత్వము, 98 శాతము విశిష్టత గల పరీక్ష 9 మందిని గుర్తించును. మిగిలిన 990 మంది ఆరోగ్యవంతులలో సుమారు 20 మందిని కూడ రోగులుగా చూపును. అనగా 29 మందిలో నిజమైన రోగులు 9 మందే. సున్నితత్వమును 100 శాతమునకు పెంచినను అదనముగా దొరుకువారు ఒక్కరే. విశిష్టతను 99.9 శాతమునకు పెంచినచో పొరపాటు సుమారు ఒక్కరికి తగ్గును. వ్యాధి తగ్గిన కొలది విశిష్టతకు ప్రాధాన్యము పెరుగుటకు కారణమిదే.

ముగింపు: దేశములో 2004 నుండి బోదకాలు నివారణకు సామూహికముగా మాత్రలు పంపిణీ చేయబడుచున్నవి. వాటిని ఎప్పుడు ఆపవలెనో నిర్ణయించుటకు 6–7 సంవత్సరముల పిల్లల రక్తపరీక్షలు ఆధారము. పరీక్ష తప్పిపోయినచో మందు ముందే ఆగి వ్యాధి తిరిగి తలయెత్తును. పొరపాటుగా పలికినచో ఆరోగ్యవంతులు అనవసరముగా మందు మ్రింగుదురు. పశువుల రక్తపరీక్షలకును ఈ లెక్కయే వర్తించును. కావున విస్తరణ శాస్త్రవేత్తలు ఫలితమును రైతుకు తెలుపుటకు ముందు, ఆ ప్రాంతమున వ్యాధి ఎంత మేరకు కలదో విచారించుట అవసరము.