ఇల్లు అమ్మేవారికి, కొనేవారికి

మహాప్రవక్త (సఅసం) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వానకు తడిసిన ధాన్యాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి నిలదీశారు (ముస్లిం). చెమ్మ దిగే గోడకు రంగు వేయించి బేరం పెట్టేవారికీ ఈ హదీసు వర్తిస్తుంది.

గోడ చెమ్మ ఒక్క వానాకాలంలో బయటపడుతుంది. వారసుల వాటా అలా కాదు. కొనేవారు ఈసీ తీయించి, అందులో ఏమీ లేదని నిశ్చింతగా ఉంటారు. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. తండ్రి మరణంతో ఆడపిల్లకు వచ్చిన హక్కు అందులో కనబడదు. నోటిమాటతో ఇచ్చి, స్వాధీనం చేసిన హిబా కూడా అంతే.

తల్లి లేదు, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు అనుకుందాం. అప్పులు, వసీయత్ పోగా మిగిలిన ఇంటి విలువ 20 లక్షలైతే కొడుకులకు 8 లక్షల చొప్పున, కూతురికి 4 లక్షలు (దివ్యఖుర్ఆన్ 4:11). "దాని పెళ్ళికి ఖర్చు పెట్టాం కదా!" అంటే ఆ 4 లక్షలు చెల్లిపోవు.

కనుక బయానా ఇవ్వకముందే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగండి. అక్కచెల్లెళ్ళ చేత కూడా దస్తావేజుపై సంతకం చేయించండి. అమ్మే సోదరులారా! ముందు మీ చెల్లెలినే 'కొంటావా?' అని అడగండి. ఉమ్మడి ఆస్తిని భాగస్వామికి తెలపకుండా అమ్మరాదని ప్రవక్త (సఅసం) బోధించారు (ముస్లిం).