బొలోనా నగరమున విద్యార్థి సంఘములు

విశ్వవిద్యాలయమను మాట వినగానే మన పిల్లల కన్నులయెదుట పెద్ద పెద్ద భవనములు, గడియారపు గోపురము, విశాలమైన గ్రంథాలయము నిలుచును. మాటలోనే ఆలయమున్నది గదా! కాని ఐరోపావారు వాడుచున్న పేరునకు మూలమైన 'యూనివర్సిటాస్' అను లాటిన్ పదమున ఆలయము లేదు. ఆ పదమునకు నాటి వాడుకలో సంఘమని, కొందరు కూడి కట్టుకొన్న కట్టుబాటని అర్థము. వర్తకులు కూడినను యూనివర్సిటాసే. ఒక ఊరివారందరు కూడినను యూనివర్సిటాసే. మన పూర్వులు 'శ్రేణి' యని పిలిచినది దీనికి దగ్గరగా నుండును. ఇటలీ దేశమందలి బొలోనా నగరమున ఈ పేరు ధరించినది పండితుల సంఘము కాదు, భవనము కాదు, పాఠము వినవచ్చిన విద్యార్థుల సంఘము. ఆ సంఘము తన అధ్యక్షుని తానే ఎన్నుకొని, ఉపాధ్యాయులచేత ప్రమాణము చేయించి, ఆలస్యముగా వచ్చిన ఉపాధ్యాయునికి జరిమానా విధించెను. ఈ విషయము మన పై తరగతుల బాలబాలికలకును, వారి తల్లిదండ్రులకును వినదగినదని తోచి కొంత విపులముగా వ్రాయుచున్నాము.

పన్నెండవ శతాబ్దమున రోమను ధర్మశాస్త్రము చదువగోరువారికి బొలోనాను మించిన చోటు లేకుండెను. ఆల్ప్స్ పర్వతములు దాటి జర్మనులు, ఫ్రెంచివారు, స్పెయిను దేశస్థులు, ఆంగ్లేయులు, హంగరీవారు అచటికి వచ్చుచుండిరి. వీరు మన తొమ్మిదవ తరగతి పిల్లలవంటివారు కారు. ఇరువది, ముప్పది యేండ్ల వయసువారు. కొందరు తమ దేశమున చర్చి ఉద్యోగము లనుభవించుచు సెలవుపై వచ్చినవారు. కొందరు ప్రభువుల బిడ్డలు. చేతిలో ధనమున్నది, తలలో న్యాయశాస్త్రమున్నది. లేనిదొక్కటే: బొలోనా నగరమున పౌరసత్వము.

పౌరుడు కానివానికి ఆ కాలపు ఇటలీ నగరములో రక్షణ బహు స్వల్పము. ఇంటి యజమాని అద్దె రెట్టింపు చేసినచో అడుగువాడు లేడు. అంతకంటె విచిత్రమైన ఆచార మొకటి యుండెను. ఏదో ఊరి వర్తకుడు బొలోనావానికి బాకీపడి పారిపోయినచో, ఆ ఊరినుండి వచ్చిన మరియొకనిని, వానికి ఆ బాకీతో సంబంధము లేకున్నను, పట్టుకొని వాని సొత్తు జప్తు చేసెడివారు. చదువుకొనవచ్చిన బిడ్డ ఎవరిదో అప్పునకు పుస్తకములు పోగొట్టుకొనవలసి వచ్చుచుండెను. చక్రవర్తి మొదటి ఫ్రెడరిక్కు ఇటలీకి వచ్చినప్పుడు విద్యార్థులు ఈ కష్టము విన్నవించుకొనిరి. అతడు 'హబీటా' యను శాసనము నొసంగెను. దీనిని 1155 వ సంవత్సరపుదని కొందరు, 1158 నాటిదని కొందరు చెప్పుదురు. చదువుకై దేశాంతరము పోవువారికి ఇతరుల అప్పు తగులరాదనియు, వారిపై వ్యాజ్యము వచ్చినచో తమ గురువునెదుటనో, బిషప్పునెదుటనో విచారింపబడుట వారి ఇష్టమనియు అందు చెప్పబడినది.

చక్రవర్తి శాసనము మంచిదే. కాని చక్రవర్తి దూరమున నున్నాడు. ఇంటి యజమాని ప్రక్కనే యున్నాడు. కావున పరదేశులు తమకు తాము సంఘముగా నేర్పడిరి. పదమూడవ శతాబ్దమున ధర్మశాస్త్ర విద్యార్థులకు రెండు సంఘములు స్థిరపడినవి: ఆల్ప్సునకు ఇవతలివారి దొకటి, ఆవలివారి దొకటి. వైద్యము, తర్కము మున్నగునవి చదువువారు వేరు సంఘము కట్టుకొనగా, దానికి 1316 లో గుర్తింపు లభించెను. ఇందొక విశేషము గమనింపవలెను. బొలోనాలో పుట్టిన విద్యార్థికి ఈ సంఘములలో వోటు లేదు. అతనికి నగరమే రక్ష. నగరమునకే అతడు విధేయుడు. ఉపాధ్యాయులలో పెక్కురు నగర పౌరులగుటచే వారికిని ఇందు స్థానము లేదు. సంఘము కేవలము పరాయివారిది.

ఇచట మా స్వానుభవ మొకటి చెప్పినచో పాఠకులు మన్నింతురు గాక. మేము తమిళనాటి సరిహద్దు గ్రామమున పుట్టి, ఉపాధ్యాయ శిక్షణకై ఆంధ్రప్రదేశమునకు పోయితిమి. భాష మాదే, యాసలో మాత్రము కొంచెము భేదము. కాని దరఖాస్తు కాగితమున 'స్థానికుడు', 'స్థానికేతరుడు' అని రెండు గళ్లుండెను. ఇంటివద్ద భాషచేత వేరైన మేము అచట ఊరిచేత వేరైతిమి. వసతిగృహమున మెస్సు కమిటీ ఏర్పడినప్పుడు అందు చేరినవారిలో మావంటి దూరపువారే యెక్కువ. స్థానికులు శనివారము సాయంకాలమునకు ఇల్లు చేరుదురు. ఆదివారపు సాంబారు ఎట్లున్నను వారికి చింత లేదు. బొలోనా చరిత్ర చదివినప్పుడు మాకు మొదట జ్ఞప్తికి వచ్చినది ఆ మెస్సు కమిటీయే.

సంఘములోపల మరల చిన్న కూటము లుండెను. వానికి 'నాషియో' అని పేరు. పుట్టిన దేశమును బట్టి యేర్పడినవి. లొంబార్డులు, టస్కనులు, రోమనులు ఇవతలి సంఘమున. జర్మనులు, ఫ్రెంచివారు, స్పెయినువారు, ఇంగ్లీషువారు, పోలండువారు, హంగరీవారు మున్నగువారు ఆవలి సంఘమున. ప్రతి నాషియో తన ప్రతినిధిని పంపుచుండెను. దేశమును కాగితముపై గీచినంత సులువుగా మనుష్యులను విభజించుట సాధ్యము కాదనుటకు ఒక నిదర్శనము: పోలండు రాజు ఏలుబడిలోని పట్టణమున పుట్టి, 1496 లో బొలోనాకు వచ్చిన కోపర్నికస్సు తన పేరు జర్మన్ నాషియోలో వ్రాయించుకొనెను. ఆతడు ఏ జాతివాడని తరువాతి కాలమున రెండు దేశములవారు తగవులాడుకొనిరి!

సంఘమునకు అధ్యక్షుడు రెక్టరు. అతడు విద్యార్థియే. ఇరువదినాలుగేండ్లకు తక్కువ కాని వయసు, ఐదేండ్ల ధర్మశాస్త్రాధ్యయనము, అవివాహిత స్థితి, చర్చి దీక్ష అతనికి కావలసిన యర్హతలు. ప్రతినిధులతో కూడి అతడు నడపిన పరిపాలన యెట్టిదో 1317 నాటి నిబంధనలవలన తెలియుచున్నది. ఉపాధ్యాయుడు రెక్టరుకు విధేయుడనని ప్రమాణము చేయవలెను. ఒక్క దినము రాకుండుటకైనను ముందు తన శిష్యుల యనుమతి, తరువాత రెక్టరు అనుమతి పొందవలెను. ఊరు విడిచి పోదలచినచో తిరిగి వత్తునని పూచీకి ధనము కట్టవలెను. గంట మ్రోగగానే పాఠము మొదలు పెట్టవలెను. మరల గంట మ్రోగగానే ఆపవలెను. ఆపనిచో జరిమానా. పాఠమునకు ఐదుగురైనను రానిచో ఆ దినము ఉపాధ్యాయుడే రానట్లు లెక్క. కఠినమైన భాగమును 'తరువాత చూతము' అని దాటవేయరాదు. ఇన్ని దినములలో ఇంత గ్రంథము పూర్తికావలెనని ముందే భాగములు ఏర్పరుప బడియుండెను. వెనుకబడినచో ముందుగా కట్టించుకొన్న సొమ్మునుండి కోత. ఈ తప్పులను కనిపెట్టి చెప్పుటకు రహస్యముగా కొందరు విద్యార్థులు నియమింపబడుచుండిరి.

ఈ నియమములను వ్రాయునప్పుడు మా కలము కొంచెము తడబడినదని ఒప్పుకొనుచున్నాము. రహస్యపు వేగులవారిని తరగతిలో కూర్చుండబెట్టుట మాకు సమ్మతము కాదు. కాని కఠిన భాగమును దాటవేయరాదను నియమము మాత్రము ఎవరు వ్రాసినను మంచిదే. పరీక్షకు వారము ముందు వ్యాకరణము చెప్పి చేతులు దులుపుకొను అలవాటు మావంటివారిలో లేకపోలేదు.

తరగతి వెలుపల ఈ సంఘములు చేసిన పని మాకు ఇంకను గొప్పగా తోచుచున్నది. విద్యార్థుల ఇండ్ల అద్దెలను నగరమువారి ప్రతినిధులును, విద్యార్థుల ప్రతినిధులును కలిసి నిర్ణయించుచుండిరి. ఆ వెలకు ఒప్పుకొనని యజమాని ఇంట ఏ విద్యార్థియు దిగరాదు. అచ్చుయంత్రము లేని కాలమగుటచే పుస్తకమనగా చేతితో వ్రాసిన ప్రతియే. పుస్తకమును విడివిడి భాగములుగా చేసి, ఒక్కొక్క భాగమును అద్దెకిచ్చి నకలు వ్రాయించుకొననిచ్చెడి అంగళ్లుండెను. మూలప్రతిలో తప్పున్నచో దానినుండి పుట్టిన నకళ్లన్నియు తప్పులే గదా! కావున ఆరుగురు విద్యార్థుల కమిటీ ఆ ప్రతులను పరిశీలించి, తప్పులున్న అంగడివానికి దండన విధించెడిది. తమ పాఠ్యపుస్తకములోని తప్పులను తామే దిద్దించుకొన్న విద్యార్థులు వీరు.

ఇంత యధికారము వీరికి ఎచటినుండి వచ్చినది? సైన్యము లేదు, పౌరసత్వము లేదు. ఉన్నది రెండే. ఒకటి, ఉపాధ్యాయుల జీవనము విద్యార్థులిచ్చు రుసుముపై నడచుచుండెను. రెండు, విశ్వవిద్యాలయమునకు భవనము లేదు. పాఠములు అద్దె యిండ్లలో, మఠములలో జరుగుచుండెను. సంఘము కోపించి లేచిపోయినచో విశ్వవిద్యాలయమే లేచిపోయినట్లు. వెనుక మిగులునది ఖాళీ గదులును, అద్దె రాని యజమానులును. ఇది ఉత్త బెదరింపు కాదు. 1222 లో బొలోనాను విడిచిపోయిన గురుశిష్యులవలననే పాడువా విశ్వవిద్యాలయము పుట్టినది. నగరమువారు ఈ భయముచేతనే, వేరొకచోట పాఠము చెప్పనని ఉపాధ్యాయులచేత 1189 నాటినుండియు ప్రమాణములు చేయించుకొనుచుండిరి.

ఈ యాయుధమును వారు ఎల్లప్పుడు న్యాయముగా వాడిరని చెప్పజాలము. 1321 లో ఒక యువతిని అపహరించిన నేరముపై ఒక విద్యార్థికి నగరము మరణదండన అమలు జరిపెను. విద్యార్థులు ఆగ్రహించి, పెక్కురు ఉపాధ్యాయులతో కూడ సియానా నగరమునకు తరలిపోయిరి. చివరకు బొలోనావారు దిగివచ్చి వారిని బ్రతిమాలవలసి వచ్చెను. దండన మితిమీరినదా, లేదా యనునది వేరు ప్రశ్న. కాని ఆ యువతి పక్షమున మాటలాడుటకు ఆ సంఘములో స్త్రీ యొక్కతెయు లేదు. ఆమె ఊరివారి బిడ్డ, కావున సంఘమునకు పరాయిది. తమకు రక్షణ లేదని కూడినవారు, కూడిన తరువాత రక్షణ లేనివారిని మరచుట ఈ కథలో మమ్ము మిక్కిలి బాధించిన ఘట్టము.

విద్యార్థులకు ఎన్నడును చిక్కని అధికార మొకటి యుండెను: పరీక్ష. ఉపాధ్యాయులు తమకు వేరుగా సంఘము నిర్మించుకొని, ఎవరికి డాక్టరు పట్టమీయవలెనో తామే నిర్ణయించుచుండిరి. 1219 నుండి పోపు ఆజ్ఞచే ఆ పట్టమునకు ఆర్చిడీకను సమ్మతి కూడ అవసరమయ్యెను. గంట కొట్టించుట విద్యార్థుల చేతిలో, యోగ్యతాపత్రము గురువుల చేతిలో. ఈ విభజనవలననే ఆ వ్యవస్థ అంతకాలము నిలిచినదని మా యభిప్రాయము.

అధికారము పోయిన విధము చప్పుడు లేనిది. రుసుము వసూలు చేయుట ఉపాధ్యాయులకు మొదటినుండియు తలనొప్పియే. పదమూడవ శతాబ్దపు ప్రసిద్ధ పండితుడు ఓడోఫ్రెడస్ సంవత్సరాంతమున తన శిష్యులతో, మీకు నేర్చుకొన కోరిక గలదు గాని ఇచ్చుటకు మనసు లేదు, కావున వచ్చు సంవత్సరము మధ్యాహ్నపు అదనపు పాఠములు చెప్పనని స్పష్టముగా ప్రకటించెనట. 1280 లో గార్సియాస్ అను స్పెయిను పండితుని విద్యార్థులు ఎన్నుకొనగా, వాని జీతమును నగరము భరింప నంగీకరించెను. 1289 లో రెండు పీఠములకు నగరమే స్థిరమైన జీతములు నిర్ణయించెను. విద్యార్థులు సంతసించిరి, ఖర్చు తగ్గినది గదా! మొదట కొంతకాలము ఆ పీఠములకు పండితుల నెన్నుకొను హక్కు వారి చేతనే యుండెను. క్రమముగా జీతమిచ్చువారే ఎన్నుకొనసాగిరి. నగర ప్రభుత్వము నియమించిన అధికారులు పాఠముల వేళలు, పీఠముల నియామకములు తమ వశము చేసికొనిరి. రెక్టరు పదవి మిగిలెను; విందులకును, ఊరేగింపులకును ధనము వెచ్చింపగలవాడే దానిని మోయగలిగెను. ఎవరును తమ హక్కును లాగికొనుట విద్యార్థులు చూడలేదు. వారి చేతి సంచి తేలికయైన దినముననే అది జారినది.

పిమ్మట 1563 లో, పోపుల ఏలుబడిలో, ఊరంతట చెదరియున్న పాఠశాలలన్నిటిని ఒక్క కప్పు క్రిందికి తెచ్చుటకై ఆర్కిజిన్నాసియో అను చక్కని భవనము కట్టబడెను. ఆనాటికి విశ్వవిద్యాలయమునకు నిజముగా ఆలయమేర్పడినది. లేచిపోవుదుమని బెదరించు మాటకు మాత్రము అర్థము లేకపోయెను.

ఉత్తరాన పారిస్ నగరమున సంఘము ఉపాధ్యాయులది. ఐరోపాలో పెక్కుచోట్ల ఆ పద్ధతియే వ్యాపించినది. 1857 లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో విశ్వవిద్యాలయములు లండను నమూనాపై వెలసినప్పుడు వాని పాలనలో విద్యార్థికి స్థానమే లేకుండెను. బొలోనా విత్తనము దూరమున స్కాట్లండులో మాత్రము మొలిచి నిలిచినది. 1451 లో గ్లాస్గో విశ్వవిద్యాలయమును స్థాపించుచు పోపు ఐదవ నికొలస్ దానికి బొలోనా హక్కులనే ప్రసాదించెను. ఆతడు పూర్వము బొలోనా బిషప్పుగా నుండినవాడు. గ్లాస్గో విద్యార్థులు పుట్టిన ప్రాంతమును బట్టి నాలుగు నాషియోలుగా విడిపోయి రెక్టరును ఎన్నుకొను పద్ధతి 1977 వరకు సాగినది. నాషియోలు పోయినను, రెక్టరును నేటికిని విద్యార్థులే ఎన్నుకొనుచున్నారు.

ఆర్కిజిన్నాసియోనుండి విశ్వవిద్యాలయము 1803 లో వేరొక భవనమునకు మారెను. 1944 జనవరిలో యుద్ధవిమానముల బాంబులు పడి దానిలో కొంతభాగము కూలగా మరల కట్టిరి. ఇప్పుడది నగర గ్రంథాలయము. దాని గోడలపైనను, కప్పులపైనను రంగులు వేసిన కులచిహ్నములు ఇంచుమించు ఆరువేలు కలవు. పెక్కు చిహ్నముల క్రింద ఒక విద్యార్థి పేరును, అతడు వచ్చిన ఊరి పేరును వ్రాయబడియున్నవి.