పాట - ప్రబోధము

12వ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరాది శరణులు ధర్మమును పండితభాషలో బంధింపక ప్రజల మాటలో వచనములుగా పలికిరి. తెలుగునాట పాల్కురికి సోమనాథుడు ఆ త్రోవనే నడచి బసవపురాణమును దేశిచ్ఛందమగు ద్విపదలో రచించెను. తుమ్మెదపదములు, వెన్నెలపదములు మొదలగు జనగీతములను పండితారాధ్య చరిత్రమున పేర్కొనెను.

ఊరూర తంబుర మీటుచు జంగములు చెప్పిన కథయే బుర్రకథకు మూలమని పెద్దలందురు. 1943లో ఏర్పడిన ఆంధ్ర ప్రజానాట్యమండలి ఆ కళారూపమును సాంఘిక ప్రబోధమునకు వినియోగించెను. గుంటూరు జిల్లా పొన్నెకల్లున 1920లో జనించిన షేక్ నాజర్ దానికి క్రొత్త ప్రాణము పోసెను. నడుమ ప్రధాన కథకుడు నిలిచి కథ నడుపగా, ఇరువైపుల వంతపాటగాండ్రలో ఒకరు హాస్యమును, వేరొకరు లోకవ్యవహారమును పలుకుదురు. ఇట్లు నవ్వుచునే జనులు అన్యాయమును గుర్తింతురు. బెంగాలు కరవును సైతము నాజర్ కథగా వినిపించెను. 1986లో ఆయనకు పద్మశ్రీ లభించెను.

జంగముల తంబురను మహమ్మదీయుడు చేపట్టుటచే కళకు కొరత కలిగెనా? వన్నెయే కలిగెను. కులమడుగక గుణమెంచుట శరణధర్మము గదా!

అయినను పాటకు నడత తోడు కావలెను. బసవజయంతినాడు సమతను గానము చేసి, భోజనవేళ పంక్తిభేదము పాటించు ఇంట ఆ పాట వట్టి చప్పుడే. పిల్లలకు పాటతోపాటు సహపంక్తిని గూడ నేర్పుట పెద్దల విధి.